తొడలో ఇనుము

రుద్రమ్మకు ముందు వాసన తెలిసింది. మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న మొగుడికి మజ్జిగ చెంబు అందించబోయి ఆగిపోయింది. గంజి వాసనకూ రంగునూలు వాసనకూ అడుగున ఇంకేదో కుళ్ళిన వాసన. ఉరుకుందు తల ఎత్తలేదు. దారం చుట్టిన నాడె అటూ ఇటూ విసురుతూనే ఉన్నాడు.

"మళ్ళీ కారుతాండాదా మామా?"

"ల్యా."

"లేసి నిలబడు, సూస్తా."

అతను లేవలేదు. ఆమే గుంట అంచున కూర్చుని అతని పంచె పక్కకు తీసింది. ఎడమ తొడకు చుట్టుకున్న గుడ్డ తడిసి పచ్చబారి ఉంది. ఎండిన మరకల మీద కొత్త మరకలు. ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నావని ఆమె అడగలేదు. ఉరుకుందు నాడె పక్కన పెట్టి, రెండు చేతులూ పడుగు మీద ఆనించాడు.

మూడేళ్ళ కిందట, ఎనభై అయిదు వానాకాలంలో, ఆదోని నుంచి నూలు బేళ్ళు వేసుకుని ఎమ్మిగనూరుకు వస్తున్న లారీ కోటేకల్లు దగ్గర బోల్తా పడింది. బేళ్ళ మీద కూర్చుని వస్తున్న ఉరుకుందు నల్లరేగడి బురదలో పడ్డాడు. తొడ ఎముక రెండుగా విరిగి, ఒక మొన చర్మం చీల్చుకుని బయటికొచ్చి బురదలో దిగబడింది. కర్నూలు పెద్దాసుపత్రిలో బురదంతా కడిగి, ఎముక లోపల ఇనుప కడ్డీ దించి అతన్ని బతికించారు. అప్పటికి వాళ్ళు చేయగలిగినంత చేశారు. అయినా కుట్లు విప్పిన కొన్నాళ్ళకే తొడ పక్కన చిన్న రంధ్రం పడింది. అందులో నుంచి చీము.

ఆ రంధ్రం మూసుకునేది. సూది మందు వేయిస్తే జ్వరం తగ్గేది, చీము ఆగేది, పైన పలచటి చర్మం కట్టేది. ఇంట్లో అందరూ నవ్వుతూ తిరిగేవాళ్ళు. మందు ఆపిన నెలకో రెండు నెలలకో ఆ చర్మం ఎర్రబడి, ఉబ్బి, మళ్ళీ పగిలేది. ఇంకో మందు. ఇంకో మూత. ఇంకో పగులు. ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ కాబట్టి అతనికి ఆ పేరు పెట్టారు. కుంటుతూ పోయి ఆ స్వామి గుడి చుట్టూ పొర్లుదండాలు కూడా పెట్టొచ్చాడు. ఈసారి పగిలినప్పుడు మాత్రం అతనికి ఎవరికీ చెప్పాలనిపించలేదు.

ఆదోనిలో ఎముకల డాక్టరు మధుసూదనరావు రంధ్రంలో సన్నటి సలాకు పెట్టి చూశాడు. సలాకు లోపలికి పోయి పోయి దేనికో తగిలి టక్కుమంది. రుద్రమ్మకు కూడా వినిపించింది.

"అది ఎముకా సార్?"

"కాదమ్మా. కడ్డీ."

డాక్టరుకు యాభై ఏళ్ళు దాటాయి. మంత్రాలయంలో మఠం సేవ చేసుకునే కుటుంబం నుంచి వచ్చినవాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆయన ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చాలాసేపు చూశాడు.

"చూడప్పా ఉరుకుందూ. నీ చీము పరీక్షకు పంపితే ప్రతిసారీ ఒకే మాట వస్తుంది. గాజు పళ్ళెంలో ఈ మందు వేస్తే చీములోని కంటికి కనబడని పురుగులు చచ్చిపోతున్నాయి అని. అదే మందు నీకిస్తే చావడం లేదు. ఎందుకంటే అవి కడ్డీకి అతుక్కుని, పైన జిగటగా ఒక పొర కట్టుకున్నాయి. బయట తిరిగేవాటిని మందు చంపుతుంది. పొర కింద ఉన్నవి మందు ఆపేదాకా కదలకుండా పడి ఉండి, మళ్ళీ లేస్తాయి."

"అయితే కడ్డీ తీసేయండి సార్."

"ఎముక అతకలేదు. చీములో ఎముక అతకదు. కడ్డీ తీస్తే నీ తొడ మడిచిన గుడ్డలా వంగిపోతుంది. ఉంచితే చీము రక్తంలోకి ఎక్కుతుంది. ఈ జ్వరాలు అవే." ఆయన ఫిల్ము బల్ల మీద పెట్టాడు. "కాలు తీసేయాల. తొడ పైదాకా. ప్రాణం మిగులుతుంది."

ఇద్దరూ బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చేశారు.  ఉరుకుందు మగ్గం గుంట ముందు నిలబడి, కింద రెండు కాళ్ళతో తొక్కే పలకల వైపు చూసి, "ఒక కాలుతో యాడ తొక్కేది," అన్నాడు. అంతే.

మరునాడు పొద్దున అతను ఇంట్లో లేడు. రుద్రమ్మ అయిదేళ్ళ కూతుర్ని పక్కింట్లో వదిలి వీధులన్నీ తిరిగింది. ఊరవతల తుంగభద్ర కాలువ గట్టున కనబడ్డాడు. నీళ్ళు నిండుగా పోతున్నాయి. అతను కాళ్ళు రెండూ నీళ్ళలో వేలాడేసి కూర్చున్నాడు.

ఆమె పరుగెత్తలేదు. పరుగెత్తితే దూకుతాడేమోనని భయపడింది. మెల్లగా నడిచి వచ్చి పక్కన కూర్చుని, అతని చొక్కా అంచు పిడికిట్లో పట్టుకుంది.

"నేనేం దూకనులే," అన్నాడతను.

"మరి ఏంటికొచ్చినావు?"

"సల్లగా ఉండాది. మంట తెలీదు." నీళ్ళలో పాదం కదిపి, "దూకుదామనే వచ్చినా. మళ్ళా సంటిది యాదికొచ్చినాది," అన్నాడు.

రుద్రమ్మ చొక్కా వదలకుండానే అతన్ని ఇంటికి తీసుకొచ్చింది. అతన్ని కనిపెట్టుకోమని పక్కింటివాళ్ళకు చెప్పి, మధ్యాహ్నం బస్సుకు ఒక్కతే ఆదోని పోయింది. రోగులంతా వెళ్ళిపోయేదాకా డాక్టరు గది బయట నేల మీద కూర్చుంది. ఆయన ఇంటికి పోవడానికి లేచి బయటికి రాగానే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కాలు తీస్తే బతుకుతాడని సెప్పినారు గదా సార్. బతకడు. నాకు తెలుసు. పొద్దున కాలవ కాడికి పోయినాడు. మీకు ఇంగేదన్నా తెలిస్తే సెప్పండి. ఇంగ తెలీదంటే అదీ సెప్పండి. నేను పోతా."

 మధుసూదనరావు లోపలికి వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"బొంబాయిలో నాతో చదువుకున్న డాక్టరు ఒకాయన ఉన్నాడు. వాళ్ళ ఆసుపత్రిలో ఒక కొత్త బిళ్ళ పరీక్షిస్తున్నారు. పైదేశం నుంచి తెప్పించినది. ఎముకలోకి బాగా ఎక్కుతుందంటున్నాడు. దాంతో పాటు క్షయకు వాడే ఎర్ర మందు కలిపి ఇస్తే, ఇనుముకు అతుక్కున్న పురుగుల్ని కూడా చంపవచ్చునని ఒకరిద్దరు రాశారు. రాశారంతే. నేను ఎవరికీ ఇచ్చి చూడలేదు."

"ఆయప్పకు ఇయ్యండి."

"వినమ్మా. తొడ కోసి లోపలంతా గీకి కడగాలి. ఆ మీద నెలల తరబడి మందు మింగాలి. ఈలోపల ఎముక అతికితే కడ్డీ తీసేయొచ్చు. అతకకపోతే చివరికి కాలు తీయడమే. ఈ మందు కాలేయాన్ని దెబ్బ తీయొచ్చు. అప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. కాలు కోసం ప్రాణం పణంగా పెట్టమని నేను చెప్పలేను."

"మీరు సెప్పొద్దు. నేనే అడుగుతాండాను."

బొంబాయి నుంచి మందు రైల్లో వచ్చింది. ఆ పొట్లం కోసం డాక్టరు తానే ఆదోని స్టేషనుకు వెళ్ళాడు. తొడ కోసి, చచ్చిన ఎముక ముక్కలు ఏరి, కడ్డీ కనబడినంత మేరా గీకి కడిగాడు. కుట్లు మానాక ఉరుకుందు ఇంటికొచ్చాడు. పొద్దునా సాయంత్రం తెల్ల బిళ్ళ, పరగడుపున ఎర్ర మందు.

మొదటి రోజే మూత్రం కుంకుమ నీళ్ళలా వచ్చింది. మందు రంగేనని డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి ఇంట్లో భయపడలేదు. కొన్ని వారాలకు రంధ్రం మూసుకుంది. ఇంతకుముందు కూడా మూసుకునేది, అందుకే ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు. కానీ ఈసారి చర్మం పలచగా, మెరుస్తూ లేదు. ముడతపడి లోపలికి దిగింది. జ్వరం రాలేదు. ఉరుకుందు రాత్రిళ్ళు నిద్రపోయాడు. ఒకనాడు అన్నం తింటూ ఇంకో ముద్ద అడిగాడు. రుద్రమ్మ వడ్డిస్తూ ముఖం పక్కకు తిప్పుకుంది.

వీధిలో మాత్రం వేరే మాట మొదలైంది. మందుల కొట్టతను ఆ ఎర్ర క్యాప్సూళ్ళు చూసి, ఇది టీబీ మందు గదా అన్నాడట. బావి కాడ ఆడవాళ్ళు రుద్రమ్మ బిందె దించగానే తమ బిందెలు జరుపుకున్నారు. నేతగాళ్ళ ఇళ్ళలో ఆ జబ్బు పేరు చెడ్డది. పొగ చూరిన చిన్న గదుల్లో, నూలు దుమ్ములో, దగ్గి దగ్గి పోయినవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఉరుకుందు తండ్రి కూడా అలాగే పోయాడు.

మాట గోనెగండ్లకు చేరింది. అక్కడున్న సిద్దమ్మ ఉరుకుందుకు సొంత అక్క. రుద్రమ్మకు తల్లి. తమ్ముడికే కూతుర్నిచ్చింది. ఆమె వచ్చి గడప బయటే నిలబడింది. చెప్పులు విడవలేదు.

"రా అక్కా, లోపలికి రా," అన్నాడు ఉరుకుందు.

"రాను. నేను సంటిదాన్నీ రుద్రినీ పిలుసుకపోయేకి వచ్చినా."

"టీబీ కాదక్కా. కాలుకే ఆ మందు."

"కాలుకు టీబీ మందు ఏంటికిస్తారురా? నాయనకు కూడా మొదట వట్టి జొరమనే సెప్పినారు. నాయన ఉమ్మిన గిన్నె కడిగింది నేను. నీకు తెలీదు, నువ్వు సిన్నోనివి. ఆయప్ప పోయినంక నా ఇంకో తమ్ముడు లక్ష్మప్ప పాయ. ఒకే గదిలో పండినందుకు పాయ." ఆమె గొంతు పెరగలేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. "నువ్వంటే నాకు పాణమే ఉరుకుందూ. నిన్ను సంకనేసుకోని తిరిగినదాన్ని. కానీ ఆ బిడ్డను ఈడ పెట్టను."

ఉరుకుందు కూతురి వైపు చూశాడు. అది తలుపు చాటున నిలబడి అవ్వను చూస్తోంది.

"తీసుకపో," అన్నాడు.

రుద్రమ్మ బిడ్డ గౌన్లు మూట కట్టింది. ఆ మూటను గడప దాటించి తల్లి కాళ్ళ దగ్గర పెట్టింది. తాను మాత్రం గడప లోపలే నిలబడింది.

"నువ్వు రావా?" అంది సిద్దమ్మ.

"రానుమా."

"రేపు నీకూ వస్తాది."

"వస్తే రానీ. ఆయప్పను సూసుకునేదెవరు?"

సిద్దమ్మ బిడ్డను చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. వీధి మలుపు దాకా బిడ్డ ఏడుపు వినబడింది.

చలికాలం మధ్యలో ఉరుకుందు కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం సయించలేదు. ఆదోనిలో డాక్టరు కనురెప్ప లాగి చూడగానే ముఖం మార్చుకున్నాడు. "ఎర్ర మందు ఈ పూట నుంచే ఆపేయాల. ఒక్కటి కూడా మింగొద్దు. తెల్ల బిళ్ళ ఒక్కటే." ఎక్స్‌రే తీయించాడు. ఎముక చివరల మధ్య మబ్బు తునకలా ఏదో కనబడుతోంది. "అతకడం మొదలైంది. ఇంకొంచెం టైం కావాల."

ఉరుకుందు సరే అన్నాడు. కానీ అతని బుర్రలో ఒకటే తిరుగుతోంది. మూడేళ్ళలో ఏ మందూ ఆపలేని చీమును ఈ ఎర్ర మందు ఆపింది. దాన్ని మానితే మళ్ళీ ఆ రంధ్రం, ఆ వాసన, చివరికి కాలు కోసే రంపం. మిగిలిన క్యాప్సూళ్ళ పొట్లాన్ని రుద్రమ్మకు ఇవ్వకుండా మగ్గం గుంటలో, పలకల వెనక దాచాడు. రోజూ పొద్దున గుంటలో దిగినప్పుడు ఒకటి మింగేవాడు.

రోజురోజుకూ పసుపు ఎక్కువైంది. కడుపులో ఏదీ నిలవలేదు. మందు ఆపినాక కూడా ఎందుకు తగ్గడం లేదో రుద్రమ్మకు అర్థం కాలేదు. ఒక ఉదయం మూత్రం చూసింది. కామెర్ల ముదురు రంగు కాదు, అదే పాత కుంకుమ రంగు. ఆమె నేరుగా పోయి మగ్గం గుంటలో దిగి వెదికింది. పొట్లం దొరికింది.

ఉరుకుందు మంచం మీద నుంచి లేవడానికి ప్రయత్నించాడు. "ఈడియ్ రుద్రీ. దాన్ని ముట్టొద్దు."

"సార్ వద్దన్నాడు గదా."

"సార్‌కేం, రెండు కాళ్ళుండాయి. ఈడియ్ అంటి."

ఆమె పెరట్లోకి నడిచింది. అతను గోడ పట్టుకుని ఆమె వెనకే వచ్చి జుట్టు పట్టుకున్నాడు. పట్టులో బలం లేదు. ఆమె విడిపించుకోకుండానే, క్యాప్సూళ్ళు ఒక్కొక్కటీ విప్పి ఎర్రటి పొడిని మురుగు కాలువలో పోసింది. చివరిదాకా పోసింది. అతను జుట్టు వదిలేసి అక్కడే మట్టిలో కూర్చున్నాడు.

"నా కాలు పోసేసినావు," అన్నాడు. "మురిక్కాలవలో పోసేసినావు."

సాయంత్రానికి అతను పొంతన లేకుండా మాట్లాడసాగాడు. చచ్చిపోయిన లక్ష్మప్పను పేరు పెట్టి పిలిచాడు. వీధి చివరి హనుమన్న జీపులో వేసుకుని ఆదోని చేర్చారు. మధుసూదనరావు జరిగింది విని, రోగి చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, చూడటం అయిపోయాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

"నేనే తప్పు చేశానమ్మా," అన్నాడు రుద్రమ్మతో. "కాలు తీసేసి ఉంటే ఇప్పుడు బతికి ఉండేవాడు."

"ఇంగా సావలేదు సార్," అంది రుద్రమ్మ.

ఆ మాట అన్నాక ఆమె మంచం పక్కన గోడకు జారగిలబడింది. తానే గదా అడిగింది. గుమ్మానికి అడ్డం నిలబడి, వద్దంటున్న మనిషి చేత ఇప్పించింది. బిడ్డ తనది కాకుండా పోయింది, తల్లి దూరమైంది, ఇప్పుడు ఈయన. ఆమె చేతిలో మిగిలింది ఒక గ్లూకోజ్ సీసా. పట్టుకోవడానికి కొక్కెం లేక ఆమే దాన్ని ఎత్తి పట్టుకుంది. చెయ్యి తిమ్మిరెక్కితే రెండో చేతికి మార్చుకుంది. ఎవరైనా పట్టుకుంటామంటే ఇవ్వలేదు.

ఉరుకుందు చావలేదు. వారం తిరిగేసరికి మనుషుల్ని గుర్తుపట్టాడు. కళ్ళలో పసుపు చాలా నెమ్మదిగా విరిగింది. అతను గంజి తాగి కూర్చోగలిగిన రోజునే, మానిన రంధ్రం పక్కన చర్మం ఎర్రబడి ఒక చుక్క చీము కనబడింది. ఒక్క చుక్కే. ముగ్గురూ దాన్ని చూశారు.

డాక్టరు వెంటనే కొత్త ఎక్స్‌రే తీయించాడు. మబ్బు తునక గట్టిపడి సన్నటి వంతెన కట్టింది. ఒక పక్కనే. రెండో పక్క ఇంకా సందు ఉంది.

"ఇంకో రెండు నెలలు ఉంటే బాగా అతికేది," అన్నాడు. "ఆగితే చీము దాన్ని తినేస్తుంది. ఇప్పుడే కడ్డీ తీస్తే, ఆ సన్నటి ఎముక నిలిస్తే నిలుస్తుంది. విరిగితే ఇంక నా చేతిలో ఏమీ లేదు. ఎర్ర మందు నీకు ఇంక జన్మలో ఇయ్యలేము."

ఉరుకుందు రుద్రమ్మ వైపు చూశాడు. మురుగు కాలువ దగ్గర కూర్చున్న నాటి నుంచి అతను ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

"నువ్వు సెప్పు," అన్నాడు.

"తీయించుకో మామా."

నడుములో మత్తు సూది వేసి కడ్డీ తీశారు. ఉరుకుందుకు నొప్పి తెలియలేదు గానీ సుత్తి దెబ్బలు వీపు దాకా అదురుతూ తెలిశాయి. కడ్డీ బయటికొచ్చాక మధుసూదనరావు దాన్ని దీపం కింద పెట్టి తిప్పి చూశాడు. గీకడానికి అందిన చోట మెరుస్తోంది. అందని కింది కొస దగ్గర సన్నటి జిగట, వేలితో రాస్తే జారుతోంది. బిళ్ళలన్నీ మింగినా, కాలేయం కాలిపోయినా, అక్కడ ఆ పురుగులు బతికే ఉన్నాయి. ఆయన లోపలంతా మళ్ళీ కడిగి, తుంటి నుంచి పాదం దాకా పిండికట్టు వేశాడు. కట్టు ఆరేదాకా ఆ కాలును తన చేతుల మీదే పట్టుకుని కూర్చున్నాడు.

ఎండాకాలమంతా ఉరుకుందు ఆ కట్టులో కదలకుండా పడుకున్నాడు. తెల్ల బిళ్ళ అయిపోతుంటే డాక్టరు మళ్ళీ బొంబాయికి కబురు పెట్టాడు. కట్టు విప్పిన రోజు కాలు ఎండిన జొన్నదంటులా ఉంది, కానీ వంగలేదు. ఎముక నిలిచింది. మోకాలు మాత్రం బిగుసుకుపోయింది. కాలు రెండు వేళ్ళ మందం పొట్టి అయింది. గుంటలో దిగి, మోకాలు మడిచి పలకలు తొక్కడం ఇక కుదరదని డాక్టరు చెప్పాడు.

"అట్లయితే ఏంటికి సార్ ఇదంతా?" అన్నాడు ఉరుకుందు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు.

మధుసూదనరావు ఆ సన్నటి కాలు మీద చెయ్యి వేశాడు. "నడుస్తావు," అన్నాడు చివరికి. "ఆ పురుగులు అన్నీ చచ్చాయని కూడా నేను చెప్పలేను. ఎముకలో ఏ మూలో నాలుగు మిగిలి ఉండొచ్చు. పదేళ్ళకు లేవొచ్చు, లేవకపోవచ్చు."

ఉరుకుందు గోనెగండ్లకు తానే పోయాడు, చంకలో కర్రతో. సిద్దమ్మ చాలాసేపు తమ్ముడి దగ్గు కోసం చెవి పెట్టి వింది. దగ్గలేదు. బిడ్డను ముందుకు తోసింది. ఆమె అప్పుడు ఏడ్చిన ఏడుపుకు చుట్టుపక్కల వాళ్ళు ఎవరో పోయారనుకుని వచ్చారు. బిడ్డ మాత్రం తండ్రిని వెంటనే గుర్తుపట్టలేదు.

ఎమ్మిగనూరులో రుద్రమ్మ గుంటలో దిగి నేయడం నేర్చుకుంది. ఉరుకుందు ఇంట్లో నేల మీద కాలు చాపుకుని నూలు కండెలు చుట్టేవాడు. అది ఆడవాళ్ళ పని అని మొదట్లో తలుపు మూసుకునేవాడు. తర్వాత మూయలేదు.

పొద్దున పని మొదలుపెట్టేముందు రుద్రమ్మ అతని పంచె పక్కకు జరిపి, లోపలికి దిగిన ఆ మచ్చను బొటనవేలితో నొక్కి చూస్తుంది. చుట్టూ వేడి ఉందా అని అరచెయ్యి ఆనించి పెడుతుంది. అతను ఊపిరి బిగబట్టి, కండెను చేతిలోనే పట్టుకుని, ఆమె ముఖం వైపు చూస్తాడు. ఆమె ఏమీ అనకుండా పంచె సర్దేసి లేస్తే, ఇంకో రోజు గడుస్తుంది.